అద్దె ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు

నా ఉద్యోగమంతా పశువుల ఆస్పత్రుల్లో గడిచింది. కాపురమంతా అద్దె ఇళ్లలో గడిచింది. ఈమధ్య మా శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. వచ్చి కూర్చున్నాక పశువుల గురించి ఒక్క మాట మాట్లాడితే ఇంటి ఓనర్ల గురించి పది మాటలు మాట్లాడతారు. ఒకమ్మాయి ఏసీ పెట్టుకుంటానంటే గోడ పగులుతుందని ఓనరు ఒప్పుకోలేదట. ఇంకొకబ్బాయి సొంత డబ్బుతో గీజరు బిగించుకుంటే, ఖాళీ చేసేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదన్నారట. వాళ్ల బాధను నేను కాదనను. కానీ కుందుర్పి వైపు ఒక ఊళ్లో మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఓనరమ్మను వీళ్లు చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆమె ముందు వీళ్ల ఓనర్లు ఒట్టి అమాయకులు.

నేను పుట్టి పెరిగింది ముదిగుబ్బ దగ్గర. ఎండా, వేరుశనగ చేలూ, గొర్రెల మందలూ నాకు కొత్త కాదు. అయినా బదిలీ మీద ఆ ఊళ్లో బస్సు దిగిన రోజు, ఆ దుమ్ముగాలికి కళ్లు తెరవలేక ఆస్పత్రి ఎటో తెలియక కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆస్పత్రికి డాక్టరుగారు ఒకరు ఉండేవారు. పాపం ఆయనకు చుట్టుపక్కల ఆస్పత్రులు కూడా అప్పగించడంతో మోటార్‌సైకిల్ మీదే కాపురం చేసేవారు. ఇక మిగిలింది కాంపౌండరుగా నేనూ, అటెండరూ. అటెండరు నాకంటే పెద్దవాడు, ఆ ఊరివాడే. కరెంటు పని, కొళాయి పని, వడ్రంగం, గొర్రెల ఉన్ని కత్తిరించడం, అన్నీ చేసేవాడు. ఆయనకు రాని పని లేదు, పూర్తిగా వచ్చిన పనీ లేదు. తను బిగించిన కొళాయి కారకపోతే ఆ రోజు ఆయనకే అనుమానం వచ్చేది.

ఇల్లు చూపించింది కూడా ఆయనే. ఓనరమ్మది ఊళ్లో భూమీ పలుకుబడీ ఉన్న కుటుంబం. భర్తకు రాజకీయాలు. మండలంలో మీటింగు ఎక్కడ ఉంటే ఆయన అక్కడ ఉండేవాడు, ఇంట్లో మాత్రం కనిపించేవాడు కాదు. చేలూ, కూలీలూ, ఇల్లూ అన్నీ ఆమే చూసుకునేది. తాముండే ఇంటి పక్కనే ఉన్న పాత బండల మిద్దెను మాకిచ్చింది. తాళంచెవి నా చేతిలో పెట్టకముందే షరతులు చెప్పింది.

“సార్, నీ సామాను నీది, నా సామాను నాది. నా ఇంట్లో నువ్వేం పెట్టుకున్నా పోయేనాడు పీక్కుని పోవాల. నాకొద్దు. నా సామాను ఒగటి కదిలిచ్చినా ఊరుకోను. గోడకు మేకు కొడితివంటే మేకుతో పాటు నువ్వూ బయటికే.”

“అట్లే అక్కా” అన్నాను. అప్పటికి వంటిల్లు చూడలేదు.

వంటింట్లో సగం జాగాను ఒక పాత ఫ్రిజ్ ఆక్రమించుకుని ఉంది. రంగు వెలిసిపోయి, నడుముకు నులక తాడు బిగించి కట్టి ఉంది. భర్తకు మొదటిసారి ఏదో పదవి వచ్చినప్పుడు తెచ్చిందట. వోల్టేజీ దెబ్బకు రెండు ఎండాకాలాలు కూడా బతకలేదు.

“అక్కా, ఇది పనిచేస్తాదా?” అని మా ఆవిడ ఆశగా అడిగింది.

“ఎందుకు చెయ్యదు? విత్తనాలు పెట్టుకుంటాండా. ఎలుక పోదు, పురుగు పట్టదు.”

ఆ రోజు నుంచి మా ఆవిడకు ఆ ఫ్రిజ్‌ను చూస్తే ఒళ్లు మండేది. రొట్టెలు చేసుకోవాలంటే దానికి నడుం ఆనించి నిలబడాలి. గోడకు జరుపుకుంటామని అడిగితే, జరిపితే తలుపు సందు పడుతుందని ఓనరమ్మ ఒప్పుకోలేదు. తలుపు రబ్బరును నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, తాడు మళ్లీ బిగించి కట్టి పోయేది. తన ఇంట్లోని పనిచేసే మిక్సీని కూడా అంత శ్రద్ధగా చూసుకునేది కాదు.

మేకు కొట్టకుండా ఇల్లు బాగుచేసుకోవడం ఎలాగో ఆ ఇంట్లో నేర్చుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. గిన్నెల అలమరాను దూలానికి తాళ్లతో వేలాడదీశాం. గాలి వీస్తే అది ఊగేది, గిన్నెలు వాయించుకునేవి. కొళాయి కారుతుంటే కొత్తది తెచ్చుకున్నాం. పాత కొళాయిని ఓనరమ్మ అడిగి మరీ తీసుకుని గుడ్డలో చుట్టి దాచిపెట్టింది. మేము పోయేటప్పుడు మాది పీక్కుని, ఆ కారే కొళాయినే మళ్లీ బిగించి పోవాలి. బల్బు హోల్డరుకూ అంతే, కిటికీ గొళ్లేనికీ అంతే. ఇలా చెడిపోయిన సామానంతా ఒక గంపలో వేసి భద్రం చేసింది. ఆమెకు మా మీద కోపం ఉండి కాదు. ఒకరి సొమ్ము తన ఇంట్లో మిగిలిపోవడం ఆమెకు నామోషీ. చలికాలంలో అనపకాయలు కాసినప్పుడు ఆమె పంపిన పితికిపప్పు పులుసూ, రాగిసంకటీ తిన్న రోజున మా ఆవిడ కూడా ఒక పూటకు ఫ్రిజ్ సంగతి మరచిపోయింది. ఆ రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు నాకు. గిన్నె కడిగి, ఊరికే ఇవ్వకూడదని అందులో ఇంత బెల్లం వేసి పంపితే, బెల్లం వెనక్కి వచ్చింది.

ఇక ఉద్యోగం సంగతి. ఆ ఊళ్లో మా శాఖ అంటే గొర్రెల కాపరులకు నమ్మకం పోయి ఉంది. నేను చేరకముందే అది పోయింది. మా శాఖ పిల్లలు చదువుకున్నదే, అయినా తెలియనివాళ్ల కోసం చెప్తాను. తొలకరి పడి లేత గడ్డి మొలిచాక గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున గంతులేసిన గొర్రె మధ్యాహ్నానికి పడిపోతుంది. రోగం వచ్చాక చేసేదేమీ ఉండదు, వానలకు ముందే టీకా వేయాలి. ఆ టీకా మందును చల్లగా ఉంచాలి, కానీ గడ్డకట్టనివ్వకూడదు. ముందటేడు ఆస్పత్రిలోని ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉండటంతో మందు చెడిపోయింది. ఆ సంగతి తెలియక వేసేశారు. సూది పడిన గొర్రెలే మందలు మందలుగా చచ్చిపోయాయి.

నేను చేరిన కొత్తలో ఒక ముసలి కాపరి ఆస్పత్రి అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. ఆయన మందలో సగం పైగా పోయిందని అటెండరు చెవిలో చెప్పాడు. గొడవకు వచ్చాడేమో అనుకున్నాను. ఆయన గొంతు కూడా పెంచలేదు.

“కొత్త సారంట గదా. నాకొగటి చెప్పు సార్. వాళ్లు మందేసినారా, నీళ్లేసినారా?”

ఆ మాట చాలాకాలం చెవుల్లోంచి పోలేదు. వచ్చే తొలకరికి మంచి మందు వేయకపోతే ఈ ఊళ్లో ఇంకెవరూ మా చేత సూది వేయించుకోరు, మిగిలిన గొర్రెలు కూడా మిగలవు.

అందుకే మందును మా ఇంట్లోనే పెట్టుకుందామని నిర్ణయించుకున్నాను. ఆస్పత్రి మిద్దె కారేది, కరెంటు తీగలు నమ్మేట్టు లేవు. డాక్టరుగారు తల గోక్కుని, “రూల్స్ ఒప్పుకోవండీ. కానీ మందు చెడగొట్టమని కూడా రూల్స్‌లో లేదు” అని సరే అన్నారు. మాకు అప్పటిదాకా సొంత ఫ్రిజ్ లేదు. పెద్దది, కొత్తది కొని తెచ్చాను, స్టెబిలైజరుతో సహా. దానికి మీటరు నుంచి వేరే లావు తీగ లాగాలి. లాగాలంటే గోడకు బెజ్జం పెట్టాలి.

బెజ్జం అన్న మాట వినగానే ఓనరమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది.

“గోడకు బొక్క పెట్టి పోతే, నువ్వు పోయేనాడు ఆ బొక్క కూడా ఎత్తుకుని పోతావా?”

అటెండరు చాలాసేపు ఆలోచించి, తీగను వసారా దూలం మీద నుంచి, వెంటిలేటరులోంచి, వేలాడే అలమరా పక్కనుంచి తిప్పి తెచ్చాడు. పోయేటప్పుడు చుట్ట చుట్టి తీసుకుపోయేట్టు ఎక్కడికక్కడ గుడ్డ పీలికలతో కట్టాడు. ఓనరమ్మ తల పైకెత్తి తీగంతా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, తప్పేమీ దొరకక వెళ్లిపోయింది. వంటింట్లో ఇప్పుడు రెండు ఫ్రిజ్‌లు. మా ఆవిడ పొయ్యి తీసుకుని వసారాలోకి మారిపోయింది.

తొలకరి ఇంకా రాకముందే మందు వచ్చింది. కొత్త ఫ్రిజ్ నిండా సర్దాం. పల్లెల్లో చాటింపు వేయించాం. మేతకు దూరం పోయిన మందలు ఒక్కొక్కటే వెనక్కి తిరగాలి, ఒక్కో పల్లెకు ఒక్కో రోజు చొప్పున పోయి వేయాలి. ఇక పని మొదలుపెట్టడమే అనుకుంటుండగా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పెద్ద గాలివాన కూడా కాదు. కరెంటు వచ్చిందని చేలల్లో ఉన్న బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా వేశారు, అంతే. ఆ ఊళ్లో అది ఎప్పుడూ జరిగేదే. కాలిపోయిన దాన్ని రైతులే ట్రాక్టరు మీద వేసుకుని రిపేరుకు తీసుకుపోయేవాళ్లు, అది తిరిగొచ్చే రోజు ఎవరూ చెప్పలేరు. తీగ, స్టెబిలైజరు, కొత్త ఫ్రిజ్, అన్నీ జాగ్రత్త చేసుకున్న నేను ఆ ఒక్కటి ఆలోచించలేదు.

డాక్టరుగారికి ఫోను చేశాను. వెనక్కి పంపిద్దామా అన్నారాయన. పంపితే అది వేరే మండలానికి పోతుంది, మళ్లీ మన వంతు వానలు పడ్డాకే. వద్దన్నాను. కొత్త ఫ్రిజ్‌లోనే ఐసు వేద్దామంటే పల్చటి గోడలు, చూడ్డానికి అందమే గానీ గంటల్లో వేడెక్కిపోతోంది. అప్పుడు మా ఆవిడే అన్నది.

“ఇన్నాళ్లు నా నడుం విరగ్గొట్టింది గదా, ఆ పాతదాని గోడలు జానెడు మందం ఉండాయి. దాంట్లో ఐసు పెట్టి చూడు.”

తాడు కట్టి, రబ్బరు తుడిచి, చీమ దూరకుండా కాపాడిన తలుపు అది. అంతకంటే మంచి ఐసు పెట్టె ఆ మండలంలో ఉండదు. కానీ అడగాల్సింది ఓనరమ్మను.

ఆమె వసారాలో కూర్చుని అంతా విన్నది. మామూలుగా అరిచే మనిషి అరవలేదు.

“దాంట్లో అనుములుండాయి సార్, అనప విత్తనాలు. మా పుట్టింటివి. మడకశిర పక్క మాది. పెండ్లయి వస్తాంటే మా అమ్మ మూట కట్టిచ్చినాది. ఒగ వానకే కాస్తాయి, ఇంత చారల గింజ. ఆడ మా అన్నదమ్ములు ఇప్పుడు అంతా మల్బరీ పెట్టుకుండారు. ఆ గింజ నా దగ్గరే ఉండాది, యాడా లేదు.”

“తెలుసక్కా, తిన్నాం గదా” అన్నాను.

“ఎన్ని దినాలు?”

“పల్లెలన్నీ అయ్యేదాకా.”

“ఆ మందు చెడిపోతే ఏమయితాది?”

“పోయినేడు అయినట్టే అయితాదక్కా.”

ఆమెకు ఒక్క గొర్రె కూడా లేదు. ఆ ఊళ్లో గొర్రెలు బతికినా చచ్చినా ఆమెకు వచ్చేదీ పోయేదీ లేదు. లేచి వచ్చి తన చేత్తోనే తాడు విప్పింది. గింజలన్నీ గోనెసంచుల్లోకి ఎత్తుకుంది. పూర్వం బూడిద కలిపి కుండల్లో పెట్టి మూతికి మట్టి మెత్తేవాళ్లట, ఫ్రిజ్ వచ్చాక ఆ కుండలన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. మా బియ్యం డ్రమ్ము ఖాళీ చేసి ఇస్తాం, అందులో పోసుకోండని మా ఆవిడ బతిమాలింది.

“బాడుగకుండేవాళ్ల సామాను నాకెందుకమ్మా” అని సంచులు తన ఇంటి అటక మీదికి ఎక్కించుకుంది.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఉత్సాహం పుడుతుంది. అటెండరు రోజూ కళ్యాణదుర్గం పోయి ఐసు గడ్డలు ఊకలో కప్పి, గోనెపట్టలో చుట్టి బస్సు మీద తెచ్చేవాడు. దారి పొడుగునా నీళ్లు కారుతుంటే కిటికీ పక్క కూర్చున్నవాళ్లు కండక్టరుతో కొట్లాట. పైన ఐసు తొట్టి, కింద గుడ్డలు చుట్టిన మందు సీసాలు. మేము పల్లెలకు పోయినప్పుడు ఆ ఫ్రిజ్‌కు ఓనరమ్మే కాపలా. మా ఆవిడను కూడా ముట్టనిచ్చేది కాదు. ఒకరోజు డాక్టరుగారు వచ్చి తలుపు తీసి, ఆశ్చర్యపోయి అలాగే చూస్తున్నారు.

“ఏమప్పా డాక్టరు, తలుపు తెరిచి సినిమా చూస్తాండావా? మూయి!”

ఆయన గబుక్కున మూసేశారు. తర్వాత ఆయన పెద్ద పోస్టుల్లోకి పోయారు గానీ, అంత వేగంగా ఎవరి ఆజ్ఞా పాటించి ఉండరు.

మొదటి పల్లెలో మందలు దూరంగా నిలబెట్టి కాపరులు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఎవరూ ముందుకు రావడం లేదు. అరుగు మీద కూర్చున్న ఆ ముసలాయన కూడా అందులో ఉన్నాడు. నేను ఒక సీసా తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని గుప్పిట బిగించి పట్టుకున్నాడు.

“సల్లగుండాదే” అన్నాడు. తర్వాత మంద వైపు తిరిగి ఈల వేశాడు.

ఆయన గొర్రెలు ముందుకొస్తే మిగతా మందలన్నీ వచ్చాయి. దుమ్ములో, అరుపుల్లో, చేతులు పీక్కుపోయేట్టు సూదులు వేశాం. చివరి పల్లె అయిపోయాక ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఆ వెనకే వాన వచ్చింది. పచ్చిక మొలిచింది. ఇక ప్రతి పొద్దూ నేనూ అటెండరూ ఆస్పత్రి తలుపు తీసి, ఎవరైనా చచ్చిన గొర్రెను మోసుకొస్తారేమోనని దారి వైపు చూసేవాళ్లం. ఎవరూ రాలేదు. చుట్టుపక్కల మండలాల నుంచి చెడు కబుర్లు వస్తూనే ఉన్నాయి, మా ఊళ్లో మాత్రం మందలు మేస్తూనే ఉన్నాయి. అటెండరు ఆ వారం నాలుగిళ్లలో కొళాయిలు బిగించాడు, ఒక్కటీ కారలేదని ఊరంతా చెప్పుకున్నాడు.

పాత ఫ్రిజ్‌ను కడిగి ఎండబెట్టి ఓనరమ్మ దగ్గరికి పోయాను.

“అక్కా, మీ ఫ్రిజ్ ఆరిపోయింది. విత్తనాలు సర్దుకోండి.”

ఆమె నా వైపు చూడకుండా, “దాన్ని తీసి బయటపెట్టిచ్చుకోప్పా. నీ పెండ్లాం ఎప్పుటినుంచో అడుగుతాండాది గదా. వంటింట్లో జాగా అయితాది” అన్నది.

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఏ వస్తువూ జానెడు కూడా జరపనివ్వని మనిషి తన ఫ్రిజ్‌ను తీసెయ్యమంటోంది. మా మీద అభిమానం పుట్టిందనుకుని, పొంగిపోతూ పోయి మా ఆవిడకు చెప్పాను. అటెండరూ నేనూ కలిసి దాన్ని దొడ్లోకి మోశాం. మా ఆవిడ ఆ రోజు వంటింట్లో చేతులు చాపి అటూ ఇటూ తిరిగింది.

విత్తనాలు వేసే అదనులో ఒకరోజు ఆస్పత్రికి పోతూ చూశాను. ఓనరమ్మ వసారాలో చాట ముందేసుకుని అనుములు ఏరుతోంది. పెద్ద పెద్ద తెల్లటి గింజలు. సంతలో దొరికే రకం. వాటి మీద చారలు లేవు.

నేను నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. అటక, గోనెసంచులు, ఎలుకలు, ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి.

“అక్కా, మీ పుట్టింటి గింజలు...”

“ఎలుకలు తినేసినాయి సార్” అన్నది, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టే.

“అన్నీనా?”

“పొట్టు మిగిలిచ్చినాయి.”

“ఎప్పుడు?”

“మీరు పల్లెలు తిరుగుతాంటిరే, అప్పుడే మొదలుపెట్టినాయి. సగం ఉన్నప్పుడే చూసినా.”

“సగం ఉన్నప్పుడే చెప్పుంటే బాగుండు గదక్కా!” అన్నాను.

ఆమె చాట పక్కన పెట్టి, మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది.

“చెప్పుంటే ఆ మందు తీసి బయట పెట్టుందువా?”

అవునని ఒక్క మాట అని ఉంటే ఆమె మనసుకు కాస్త హాయిగా ఉండేదేమో.

“లేదక్కా” అన్నాను.

“మరి చెప్పేదానికి ఏముండాదప్పా?” అని, మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుని గింజలు ఏరుకుంది.